పై అంతస్తులో పిల్లలు, కింది అంతస్తులో పాలు

మా మేనత్తకి పాలు పడలేదు. ఈ సంగతి మా బంధువుల్లో తెలియనివాళ్లు లేరు. కొత్తగా వచ్చిన కోడళ్లకి కూడా మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఆమె కొడుక్కి, అంటే మా బావకి, చిన్నప్పుడు జలుబు చేస్తే అది తల్లిపాలు లేకపోవడం వల్లే చేసింది. పదో తరగతి లెక్కల్లో తప్పితే అదీ అందువల్లే. ఇప్పుడతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆరడుగుల మనిషి, లిఫ్టులు బాగుచేస్తాడు, మా గుమ్మంలోంచి తల వంచుకుని రావాలి. అయినా అతను ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, "డబ్బా పాల ఒళ్లు కదా" అని వాళ్ల నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉంది.

అత్త ఆ మాటకి ఎదురు చెప్పేది కాదు. మిగతా అన్నిటికీ చెప్పేది. కూరలో ఉప్పు దగ్గర్నించి బస్సులో సీటు దాకా ఆమెతో వాదించి గెలిచినవాళ్లు నాకు తెలిసి లేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం, "నాది ఆపరేషన్ కాన్పు. కోసినవాళ్లకి పాలెక్కడివి?" అని పక్కకి తప్పుకునేది. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. పెద్దయ్యాక కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియని కోపం.

జరిగిందేమిటంటే, బావ పుట్టినప్పుడు అత్తకి పూర్తి మత్తు ఇచ్చారు. కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది. పిల్లాడేడని అడిగితే పై అంతస్తులో ఉన్నాడు, బాగున్నాడు, డబ్బా పాలు తాగి నిద్రపోతున్నాడన్నారు. మర్నాడు అడిగితే, నువ్వే లేవలేవు, వాణ్ని కిందకీ పైకీ తిప్పడం ఎందుకన్నారు. మూడోనాడు తెచ్చి ఒళ్లో పెట్టారు. కుట్ల మీద బరువు పడి అత్త కెవ్వుమంది. ఆ కేకకి వాడూ కెవ్వుమన్నాడు. రొమ్ము అందిస్తే మొహం తిప్పుకున్నాడు. తీసుకొచ్చిన ఆయా రెండు నిమిషాలు చూసి, "కోసినవాళ్లకి పాలెక్కడివమ్మా, ఊరికే వాణ్ని ఏడిపించకు" అని ఎత్తుకుపోయింది. తీర్పు అయిపోయింది. దాని మీద అప్పీలు చేసుకోవచ్చని అత్తకి ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత అదే ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం ఖాళీగా ఉందంటే వెళ్లి చేరింది. ఊళ్లో ఇన్ని ఆసుపత్రులుండగా అదే ఎందుకని నేనొకసారి అడిగాను. ఇంటికి దగ్గరట.

ఆ ఆసుపత్రి కట్టడం గురించి కాస్త చెప్పాలి. అన్నిటికీ మూలం అదే. కింద నార్మల్ కాన్పుల గది, పక్కనే ఆ తల్లుల వార్డు. మొదటి అంతస్తులో ఆపరేషన్ థియేటరు, రికవరీ గది, ఆపరేషన్ తల్లుల వార్డు. రెండో అంతస్తులో పిల్లల గది. ఉన్న ఒక్క లిఫ్టూ స్ట్రెచర్లకే. కింద పుట్టిన పిల్లలు తల్లి పక్కలోనే ఉండేవాళ్లు, ఎందుకంటే వాళ్లని రెండంతస్తులు పైకి మోసే ఓపిక ఎవరికీ లేదు. థియేటర్లో పుట్టినవాళ్లకి మెట్లు సగమే కాబట్టి వాళ్లని తుడిచి, తూచి, గుడ్డలో చుట్టి పైకి పంపేవాళ్లు. తల్లికి కాళ్లు కదిలి, వార్డుకి మారి, లేచి కూర్చుంటే అప్పుడు తిరిగి తెచ్చేవాళ్లు. ఒకటిన్నర రోజు పట్టేది. మధ్యలో ఆదివారం వస్తే రెండు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే కొట్టేసేవాళ్లేమో, లేదు కాబట్టి అలాగే నడిచింది.

ఆ పైగదికి ఇరవయ్యారేళ్లు మా అత్తే మహారాణి. సీసా వాడేది కాదు, చెంచాతో పట్టేది. పిల్లని ముంజేతి మీద కొంచెం ఎత్తుగా పడుకోబెట్టి, చెంచా అంచు కింది పెదవికి ఆనించి, పిల్ల తనంతట తాను నాలుక చాచి అందుకునేదాకా ఆగేది. నోట్లో పొయ్యదు. ఆగుతుంది. ఇంట్లో మాకెవరికీ అరక్షణం ఆగని మనిషి, పూటెడు వయసున్న పిల్ల ఎదుట పావుగంట ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. ఆమె చేతిలో ఒక్క పిల్లకీ పొలమారలేదు. డాక్టర్లు కూడా "స్పూనమ్మని పిలవండి" అనేవాళ్లు. అసలు పేరు డ్యూటీ చార్టు రాసే ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

అత్తకి ఒక సిద్ధాంతం కూడా ఉండేది. నార్మల్ కాన్పులో బిడ్డ కిందకి దిగేటప్పుడు ఆ ఊపుకి పాలు పైకి తన్నుకొస్తాయట. మధ్యలో కోసి తీస్తే ఆ ఊపు ఉండదు కాబట్టి పాలకి కబురు అందదట. ఆమె ఎంత ధీమాగా చెప్పేదంటే, కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టర్లు తలాడించి, బయటికెళ్లి పుస్తకం తీసి చూసుకునేవాళ్లు. ఆపరేషన్ అయిన ప్రతి తల్లికీ ఆమె చెప్పే మాట ఒకటే: "నీకిప్పుడు పాలుండవు తల్లీ. బెంగపెట్టుకోకు, నేనున్నాగా." ప్రేమగానే చెప్పేది. ఆ తల్లులు బెంగ మానేసి, చాలామంది పాల డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికెళ్లేవాళ్లు. ఎవరికైనా పాలు పడితే అత్త "అదృష్టవంతురాలు" అని ఊరుకునేది.

పోయిన ఏడాది కొత్త హెడ్ సిస్టర్ వచ్చింది. పొట్టి మనిషి, చాలా మెల్లగా మాట్లాడుతుంది. ఆవిడ మాట వినపడాలంటే మనం నోరు మూసుకోవాలి. ఇది కావాలని చేసే మోసమని అత్త అభిప్రాయం. వచ్చిన నెలకే ఆవిడ అత్తని పిలిచి ఆపరేషన్ పిల్లల విషయం ఎత్తింది.

"వీళ్లని కూడా గంటలోపే తల్లి దగ్గర పెడదామమ్మా. రికవరీ గదిలోనే."

"అక్కడ వాళ్లకి కాళ్లే కదలవు సిస్టర్. పాలెలా ఇస్తారు?"

"పాలు కాళ్లతో ఇవ్వరు కదమ్మా."

అత్తకి చిర్రెత్తుకొచ్చింది. "ఇరవయ్యారేళ్లుగా చూస్తున్నానండీ. కింద వార్డు వాళ్లకి పాలొస్తాయి, పై వార్డు వాళ్లకి రావు. పుస్తకాల్లో చదివింది కాదు, నా కళ్లతో చూసింది చెప్తున్నా."

"మీరు చూసింది నిజమే" అంది సిస్టర్. "కోత నొప్పి, మత్తు, నీరసం, ఇవన్నీ ఉంటాయి. పాలు నిండుగా పడటం ఒక రోజు ఆలస్యం కూడా అవుతుంది. అందుకే పిల్ల ఇంకా ముందుగా రావాలి, ఇంకా ఎక్కువసార్లు రావాలి. పిల్ల లాగితేనే కదా పాలు ఊరేది. పోనీ ఒక పని చేద్దాం. కింద వార్డు పిల్లల్ని కూడా రెండు రోజులు మీ గదిలో ఉంచి చెంచాతో పడదాం. అప్పుడు ఆ తల్లులకి ఏపాటి పాలొస్తాయో చూద్దాం."

అత్త, "పసిపిల్లలతో ప్రయోగాలేంటండీ?" అంది.

"చెయ్యనులెండి. ఊరికే అడిగాను" అంది సిస్టర్.

ఆ సాయంత్రం అత్త డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చింది. నాకప్పుడు ఏడో నెల, పుట్టింట్లోనే ఉన్నాను. "దాని పొగరు చూశావా వదినా" అని మా అమ్మకి మొత్తం చెప్పింది. మళ్లీ మొదటినించీ నాకు చెప్పింది. మూడోసారి మా నాన్నకి చెప్తూ సిస్టర్ అడిగిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది. టీ పెట్టి ఇస్తే, తాగకుండానే లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మిగతా ఆయాలు పిల్లల్ని రికవరీ గదికి తేవడం మొదలుపెట్టారు. అత్త డ్యూటీలో మాత్రం ఏదో ఒక అడ్డం వచ్చేది. పిల్ల ఒళ్లు చల్లగా ఉందనేది, తూకం మళ్లీ చూడాలనేది, తల్లి కునుకు తీస్తోందనేది. నేను ఆమెని మొండిదనుకున్నాను. కాదు, ఆమె భయపడింది. కోసిన తల్లుల దగ్గర పిల్లలు తాగుతున్నారని ఒప్పుకుంటే, తన ఒంట్లో పాలు లేవన్న మాట కూడా కదిలిపోతుంది. లేవనుకుని ఇరవై ఎనిమిదేళ్లు బతికింది, దానికి అలవాటు పడింది. ఉన్నాయని ఇప్పుడు తెలిస్తే ఆ తెలివిడిని ఏం చేసుకోవాలి? నాకు ఇప్పుడు అర్థమవుతున్న ఈ సంగతి అప్పుడు అర్థమై ఉంటే ఆమెతో కొంచెం మర్యాదగా మాట్లాడేదాన్ని.

నా విషయంలో అత్త ముందే నిర్ణయం చేసేసింది. "నువ్వు కింది అంతస్తులోనే కనాలి, తెలిసిందా?" అనేది, బస్సులో కిటికీ సీటు చూసి కూర్చోమన్నట్టు. సరే అన్నాను. నొప్పులు మొదలయ్యాక పద్దెనిమిది గంటలు కింది అంతస్తులోనే ఉన్నాను. అత్త నన్ను ఆ వరండాలో ఎన్నిసార్లు నడిపించిందో లెక్క లేదు. చివరికి లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని, పొద్దున పది గంటలకి నన్ను స్ట్రెచర్ మీద లిఫ్టులోకి తోశారు. అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. బిడ్డకేమవుతుందోనని ఆమె భయమనుకున్నాను. లిఫ్టు తలుపు మూసుకునేలోపు ఆమె మా అమ్మతో అంటున్న మాట వినపడింది. "డబ్బా తెప్పించు వదినా."

మా ఆయన కంగారులో రెండు డబ్బాలు తెచ్చాడు.

నడుముకి మత్తు సూది వేశారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను. ఆడపిల్ల పుట్టింది, వెంటనే ఏడ్చింది. నన్ను రికవరీ గదికి మార్చారు. కాళ్లు నావి కావు. ఒళ్లంతా వణుకు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ గది తలుపు పక్కనించే పైకి వెళ్లే మెట్లు. పడుకున్నచోటునించి చూస్తే అత్త కనిపించింది. తుడిచి, తూచి, చుట్టిన నా కూతుర్ని చేతుల్లో పెట్టుకుని మొదటి మెట్టు దగ్గరుంది. కాలు పైకి వెయ్యలేదు. గుడ్డలోంచి ఒక పిడికిలి బయటికి వచ్చింది, పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆకలికి గుర్తు అది. ఆ గుర్తు చూసే ఆమె ఇన్నేళ్లూ చెంచా చేతిలోకి తీసుకుంది.

"అత్తా, ఇటు ఇవ్వు" అన్నాను.

"నీకు పాలుండవే" అంది, అక్కణ్నించే.

"లేకపోతే లేవు. చూడనీ."

ఆమె కదల్లేదు. నేను సెలైన్ చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాకా లెక్కపెట్టాను. అప్పుడు అత్త లోపలికి వచ్చి, థియేటర్లో కత్తి పట్టుకున్నవాళ్లు కూడా ఉలిక్కిపడేంత గట్టిగా అరిచింది. "సిస్టర్! ఎలా పెట్టాలో వచ్చి చూపించండి. కుట్ల మీద పిల్ల బరువు పడిందంటే మాత్రం ఊరుకోను."

హెడ్ సిస్టర్ వచ్చింది. నన్ను కొంచెం పక్కకి ఒత్తిగిల్లజేసి, వీపు వెనకాల దిండు పెట్టి, పిల్ల కాళ్లు నా వీపు వైపుకి వచ్చేలా చంక కింద పెట్టింది, గొడుగు చంకలో పెట్టుకున్నట్టు. పిల్ల గుడ్డ విప్పి ఒళ్లు నా ఒంటికి తగిలేలా చేసి, పైన దుప్పటి కప్పింది. పొట్ట మీద ఏ బరువూ లేదు. "ఇలా కూడా పెట్టొచ్చా?" అంది అత్త, సిస్టర్ని కాదు, ఎవరినో నిలదీస్తున్నట్టు.

పిల్ల నాకింది. పడుకుంది. మళ్లీ నాకింది. మళ్లీ పడుకుంది. నాకు ఏడుపొచ్చింది. సిస్టర్ చెయ్యి పెట్టబోతే అత్త ఆపింది. "ఉండండి. దీనికి తొందరపడకూడదు" అని, తానే వంగి, చనుమొన పిల్ల కింది పెదవికి ఆనించి ఆగింది. ఇన్నేళ్లూ చెంచాతో చేసింది అదే. ఆ గదిలో ఆ పని అంత బాగా వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. పావుగంట దాటింది. పిల్ల నాలుక ముందుకి చాచింది, నోరు పెద్దగా తెరిచింది, పట్టింది. పట్టిన పట్టుకి నా పళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది.

వదిలాక చివర్న ఒక చుక్క నిలిచింది. చిక్కగా, పసుప్పచ్చగా ఉంది. అత్త కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"ఇది కింద వార్డు వాళ్లకి వచ్చేదే" అంది.

"అవునమ్మా. అదే" అంది సిస్టర్.

అత్త బయటికెళ్లింది. మడతపెట్టి ఉన్న దుప్పట్లన్నీ విప్పి మళ్లీ మడతపెడుతోందని మా అమ్మ తర్వాత చెప్పింది.

ఒక చుక్కతో కథ సుఖాంతమైపోయిందనుకోవద్దు. రెండోరోజు పిల్ల మత్తుగా నిద్రపోయింది, అరికాలు గోకి లేపాల్సి వచ్చింది. మూడోరోజు లేచింది, ఇక ఏడుపు ఆపలేదు. నేను కుట్లు పట్టుకుని ఏడ్చాను. మా అమ్మ మనసాగక డబ్బా మూత తీసింది. డబ్బా తెప్పించమన్న అత్తే వచ్చి ఆ మూత పెట్టేసి, డబ్బాని కిటికీ మీద పెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు గంటలకోసారి పిల్లని నా చంకలో పెట్టింది. సిస్టర్ రోజూ తూకం చూసి, తగ్గింది తగ్గాల్సినంతే, తడి గుడ్డలు చాలినన్ని వస్తున్నాయి, భయం లేదు, అవసరమైతే డబ్బా ఎక్కడుందో తనకి తెలుసు అంది. నాలుగోరోజు పొద్దున నా జాకెట్టు తడిసిపోయి ఉంది. కింద వార్డు లెక్కకి ఒక రోజు ఆలస్యం. అదే సమయంలో కింద వార్డులో నార్మల్‌గా కన్న ఒకావిడ పిల్లాడు మూడు రోజులుగా రొమ్ము పట్టడం లేదని కబురొచ్చింది. అత్త వెళ్లి చూసి వచ్చి, "ఊపు లేదూ, పాడూ లేదు" అని గొణిగింది. సిద్ధాంతం గురించి అదే ఆఖరి మాట.

ఐదోరోజు రికవరీ గదిలో ఖాళీ లేక ఒకావిడని థియేటర్నించి తిన్నగా నా పక్క మంచానికి తెచ్చారు. ఆమెకది రెండో ఆపరేషన్. అత్త పిల్లాణ్ని తీసుకొచ్చేసరికి ఆమె మొహం విప్పారింది.

"మీరు స్పూనమ్మగారు కదూ? మా పెద్దాడికి మీరే పట్టారండీ. ఎంత ఓపిగ్గా పట్టారో, ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం."

"వీడికి నువ్వే ఇద్దువుగాని. ఇటు తిరుగు."

"నాకు పడవులెండి. కోసినవాళ్లకి పాలుండవని అప్పుడు మీరే చెప్పారుగా."

ఆవిడ నవ్వుతూనే అంది. అత్త పిల్లాణ్ని పట్టుకుని మంచం పక్కన నిలబడిపోయింది.

"తప్పు చెప్పానమ్మా" అంది.

మా అత్త నోట ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆవిడ కంగారుపడి, "అయ్యో, అదేంటండీ, మీరు నా మంచికే కదా..." అనబోయింది.

"మంచికే. అయినా తప్పే. కొంచెం ఒత్తిగిల్లు, దిండు పెడతా."

పదోరోజుకి నేను ఇంటికొచ్చేశాను. అత్త డ్యూటీ దిగి వచ్చి నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పిల్ల తాగుతోంది, గుటకలు బయటికి వినపడుతున్నాయి. అవతలి గదిలో బావ అన్నం తింటున్నాడు. పనినించి తిన్నగా వచ్చాడు, చొక్కా మీద గ్రీజు మరకలు. రెండు గదుల మధ్య తలుపు ఓరగా వేసి ఉంది. అత్త చాలాసేపు పిల్లని చూసి, తల తిప్పకుండానే పిలిచింది.

"ఒరేయ్. నాకు పాలు ఉండే ఉంటాయిరా."

అవతల కంచం చప్పుడు ఆగింది. "ఇప్పుడేమైందమ్మా?"

"ఏం కాలేదు. ఉండే ఉంటాయి. నిన్నే తేలేదు."

"ఎవరు తేలేదు?"

"అప్పటి ఆయా."

"పోనీలేమ్మా. ఎప్పటి మాటో. పాపం ఆవిడకి మాత్రం ఏం తెలుసు?"

"ఆవిడ రిటైరైతేనే కదరా నాకు ఆ ఉద్యోగం వచ్చింది" అంది అత్త. "నెల రోజులు పక్కన పెట్టుకుని పని నేర్పింది. పిల్లల్ని ఎలా ఎత్తుకోవాలో, చెంచా ఎలా పట్టాలో, తల్లులకి ఏం చెప్పాలో అన్నీ నేర్పింది. నేను బాగా నేర్చుకున్నాను."

బావ చెయ్యి కడుక్కున్నాడు. తలుపు అవతలే, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నాకు అతని మోకాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. అత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుంది. ఆమె కళ్లద్దాలు లేకుండా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మొహం చిన్నదై కనిపించింది. నేను పిల్ల తల మీదికి మొహం వంచుకున్నాను.

"ఆ మూడు రోజులూ పైన బాగా ఏడ్చావట్రా?" అంది అత్త.

బావ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"గుర్తు లేదమ్మా" అన్నాడు.